యంత్రపరిభాషలో యజమానుడును బానిసయు

ఒక యంత్రము ఆజ్ఞ యిచ్చును. మఱియొకటి దాని ననుసరించును. ఈ సంబంధమునకు ఇంగ్లీషు యంత్రశాస్త్రజ్ఞులు చిరకాలముగా ‘మాస్టరు’, ‘స్లేవు’ అను జంటపదములను వాడుచు వచ్చిరి. తెలుగున చెప్పినచో యజమానుడు, బానిస. ఈ జంటను తీసివేసి వేఱుపదములు పెట్టవలెనా, ఉన్నవానిని ఉండనీయవలెనా యనునది యిరువది యేండ్లకు పైగా కంప్యూటరు పనివారిలో నడచుచున్న వివాదము. ఉభయపక్షముల వాదములను మేము శ్రద్ధతో చదివితిమి. ఒక పక్షమువారు పదము మాఱినంతనే లోకము మాఱినదని సంబరపడుచున్నారు. రెండవ పక్షమువారు పదములో నేమున్నదని పరిహసించుచున్నారు. ఇరువురి మాటలును మాకు తృప్తి నీయలేదు.

పరదేశపు గొడవ దుగ్గిరాల బడిపంతులుకేల యని కొందఱడుగవచ్చును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు ఈ పనిలో నున్న బిడ్డ లేని వీథి నేడు అరుదు. ఇచ్చటి యార్డులో పసుపుకొమ్ములు అమ్మిన సొమ్ముతో తండ్రి చదివించిన కుమారుడు హైదరాబాదుననో, బెంగుళూరుననో, డల్లాసుననో కూర్చుండి ఈ పదములనే దినదినమును వ్రాయుచున్నాడు. అతడు వ్రాయు మాటలకు మేము అక్షరాభ్యాసము చేయించినవారము. ఆ మాటలను గూర్చి విచారించు హక్కు మాకును కొంత కలదని తలంచుచున్నాము.

ముందుగా ఆ పదముల చరిత్రను చూతము. రాన్ ఎగ్లాష్ అను పండితుడు 2007లో ప్రకటించిన వ్యాసమున, యంత్రముల విషయమై ఈ జంట తొలుత కనబడినది 1904లో, కేప్‌టౌను నక్షత్రశాలకై డేవిడ్ గిల్ రూపొందించిన గడియారముల వర్ణనలోనని చూపెను. ఒక గడియారము కాలమును నిర్ణయించును. రెండవది దాని వెంట నడచును. ఆ రెండవదానికి బానిస యని పేరు. కేప్ ప్రాంతమున బానిసతనము చట్టమువలన తొలగినది 1834లో. మనుష్యులను విడిచిన డెబ్బదియేండ్లకు ఆ పేరు గడియారమును పట్టుకొన్నదన్నమాట. అటుపిమ్మట అది విద్యుద్యంత్రములలోనికి, వానినుండి కంప్యూటరులలోనికి ప్రాకినది. మా కాలపు బల్లకంప్యూటరులలో రెండు డిస్కులు బిగింపవలసి వచ్చినప్పుడు వానిలో నొకటి మాస్టరు, ఒకటి స్లేవు అని చిన్న తొడుగుతో గుర్తుపెట్టెడివారు. మేమును అట్లే పిల్లలకు చూపితిమి. అడిగిన పిల్లవాడు లేడు.

ఆక్షేపణ మొదట బహిరంగముగా వినబడినది 2003లో. ఆ యేటి నవంబరులో లాస్ ఏంజిలిస్ కౌంటీవారు, తమకు సరకులమ్ము వర్తకులు పరికరములపై ఈ జంటపదముల చీటీలు అంటింపవలదని కోరిరి. నాడు నవ్వినవారే హెచ్చు. 2014లో జాంగో అను సాఫ్టువేరు నిర్వాహకులు మొదట లీడరు, ఫాలోవరు అనియు, వెనువెంటనే ప్రైమరీ, రెప్లికా అనియు పేర్లు మార్చిరి. 2018 సెప్టెంబరులో పైథాన్ భాషవారు తీవ్రమైన వాదోపవాదముల పిమ్మట చాలవఱకు మార్చి, పూర్వపు యూనిక్సు పరిభాషను సూచించు చోటమాత్రము విడిచిపెట్టిరి. 2020 మే 25వ తేదీన మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసువాని మోకాలిక్రింద ప్రాణము విడిచెను. అంతట అమెరికా అంతయు అల్లకల్లోలమయ్యెను. నెమ్మదిగా కదలుచున్న ఈ వ్యవహారము ఒక్క వేసవిలో పరుగెత్తెను. జూలైలో లినక్సు కెర్నెలు నిర్వాహకులు క్రొత్తగా వ్రాయు భాగములలో మాస్టరు–స్లేవు జంటను, బ్లాక్‌లిస్టు–వైట్‌లిస్టు జంటను వాడవలదని నియమము చేసిరి. అక్టోబరు మొదటితేదీ నుండి గిట్‌హబ్‌లో క్రొత్తగా తెఱచు భాండారముల మూలశాఖకు ‘మాస్టరు’ అను పేరు పోయి ‘మెయిన్’ అను పేరు వచ్చెను. 1982లో ఫిలిప్స్ సంస్థవారు కల్పించిన ఐ–స్క్వేర్డ్–సి అను ప్రమాణగ్రంథమునందు సైతము 2021లో కంట్రోలరు, టార్గెట్టు అను మాటలు చేరినవి.

లినక్సువారి నియమములో మాకు నచ్చిన సంగతి యొకటి కలదు. క్రొత్తరాతకే ఆ నియమము. మార్చినచో పాతసాఫ్టువేరు పనిచేయుట మానునట్టి చోటను, యంత్రమునకు సంబంధించిన ప్రమాణగ్రంథమే ఆ పదమును విధించిన చోటను మినహాయింపు నిచ్చిరి. నడచుచున్న బండిచక్రమును ఊడదీయక క్రొత్తబండికి క్రొత్తచక్రము వేయుట యిది. మార్పు వలన లక్షలకొలది పంక్తులు చెడునని భయపెట్టినవారికి ఇంతకంటె సమాధానమక్కఱలేదు.

ఇక మార్పును నిరాకరించువారి వాదములు. యంత్రమునకు మానావమానములు లేవనునది వానిలో మొదటిది. యంత్రమునకు లేకపోవచ్చును; చదువువాడు యంత్రము కాడు. తాతముత్తాతలు సంతలో అమ్ముడుపోయిన వంశమున పుట్టిన పిల్లవాడు మొదటిదినము పుస్తకము తెఱచి ‘బానిస చెప్పినట్లు చేయును, తనంతట తానేమియు చేయదు’ అను వాక్యమును కంఠస్థము చేయవలసివచ్చుట సామాన్యమైన విషయమని చెప్పువానికి ఆ వంశము తనది కాదని తెలిసిన ధైర్యము కలదు, అంతియే.

రెండవ వాదము, ఇట్లు మొదలుపెట్టినచో ఎక్కడ నిలుచునని. ఇచ్చట మాకొక స్వార్థముకూడ కలదు. మా ప్రాంతమున చదువు చెప్పువాడెవడైనను ‘మాస్టారు’. పాలు పోయువాడును, బస్సు కండక్టరును, తుదకు మా యత్తవారి బంధువులును మమ్ము ఆ పేరనే పిలుతురు. మాస్టరుపదమును వెలివేసినచో మా పేరే పోవును! కాని అట్టి ప్రమాదము లేదు. మాస్టరు ఒంటరిగా నున్నప్పుడు గురువు కావచ్చును, నేర్పరి కావచ్చును, మూలప్రతి కావచ్చును. దాని ప్రక్కకు స్లేవు వచ్చి నిలిచినప్పుడే అది కొరడా పట్టుకొనును. గిట్‌లోని మూలశాఖ ప్రక్కన బానిసశాఖ యనునదేమియు లేదు. కావున ఆ మార్పువలన హాని లేకున్నను, అవసరమును మాకు గోచరింపలేదు. డేటాబేసులలోని జంట వేఱు. అచ్చట స్లేవు ప్రత్యక్షముగానే యున్నది.

ఆ డేటాబేసుల సంగతియే కొంచెము విచారింతము. ఏలయన అసలు దోషము అచ్చట తేటపడును. ఒకచోట వ్రాసిన లెక్క మఱి నాలుగుచోట్ల నకలుగా నిలుచునట్లు ఏర్పాటు చేయుదురు. వ్రాత మొదటిదానిలో జరుగును. చదువుకొనువారు నాలిగింటిలో దేనినైనను చదువుకొనవచ్చును. మొదటిది కూలిపోయినచో నకళ్లలో నొకటి దాని స్థానమునకు వచ్చి తానే మొదటిదగును. ఇందులో బానిసతనమెక్కడ నున్నది? యజమానుడు చచ్చినంతనే బానిస తాను యజమానుడగుట బానిసతనపు నియమము కాదుగదా? అట్లు జరుగునదే యైనచో బానిసతనము ఒక తరమైనను నిలువకపోవునుగదా. ఈ ఉపమానము క్రూరమైనదగుట అటుండగా, తప్పుడు ఉపమానము కూడ. మా అలంకారశాస్త్రపు లెక్కలో సాధారణధర్మము లేని ఉపమ దోషము. ‘ప్రైమరీ, రెప్లికా’ అని వ్రాసినవారు ఎవరి మనస్సును నొప్పింపకుండుటయే గాక, చదువరికి పని యేమో తెలియజేసిరి.

నల్లపట్టిక, తెల్లపట్టికల మాటయు నట్టిదే. నలుపు కూడదనియు తెలుపు కూడుననియు ముందుగా వల్లించినవానికే ఆ పేర్లు బోధపడును. మా పిల్లలకు ఆ వల్లింపు సహజముగా రాదు. నల్లనయ్యను కొలిచిన జాతి మనది. తెనాలి ప్రాంతపు వరికి ఆధారము నల్లరేగడి. నలుపే చెడుగు అను భావము మన కాగితములలోనికి చాలవఱకు ఇంగ్లీషుతోడనే దిగుమతి యయ్యెను. రానిచ్చువారి పట్టిక, రానీయనివారి పట్టిక యని చెప్పినచో ఒకటవ తరగతివానికిని తెలియును.

మూడవ వాదము గట్టిది. దానిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. ఏ క్రొత్తపేరు పెట్టినను కొంతకాలమునకు అదియును పాతపేరువలెనే కంపు కొట్టునని వారందురు. సంస్కృతము చదివిన మాకు దీనికి సాక్ష్యము వెదుకనక్కఱలేదు. ‘దేవానాంప్రియ’ యనునది అశోకచక్రవర్తి బిరుదము; మన యెఱ్ఱగుడి బండలమీదను చెక్కబడినది. ఆ మాటయే తరువాతి వ్యాకర్తల చేతులలో మూర్ఖుడను నర్థమునకు దిగెను. తెలుగున ‘సాని’ పదమును చూడుడు. స్వామిని యను మాటనుండి పుట్టినది. కాకతీయులనాటి శాసనములలో గొప్పయింటి స్త్రీల పేళ్లచివరను, దేవాలయసేవలోని స్త్రీల పేళ్లచివరను గౌరవముగా నిలిచినది. నేడు దానిని ఉచ్చరించుటకే సంకోచింతుము. దేవాలయస్త్రీల బ్రదుకు దిగజాఱినకొలది పదముకూడ దానితో దిగినది. పదమునకు స్వతంత్రమైన శీలము లేదు. ఎవరిని చూపుచున్నదో వారిపట్ల లోకమునకు గల చూపే దానికి రంగు పూయును.

ఈ మాట నిజమైనచో మార్పంతయు వ్యర్థమేనా? దీనికి సమాధానమును అమెరికాలో వెదుకుటకంటె మా యింటిచెంతనే వెదుకుట మంచిది. 1917 నవంబరులో బెజవాడలో ఒక సభ జరిగెను. పిలిచినవారు దానికి ఆంధ్ర పంచమ మహాజనసభ యని పేరు పెట్టిరి. హైదరాబాదునుండి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మగారు ఆ పేరునే ప్రశ్నించిరి. తాము ఐదవవర్ణము కామనియు, ఈ దేశపు ఆదినివాసులమనియు వాదించిరి. సభ ఆదిఆంధ్ర మహాజనసభగా మాఱెను. ఆ దినములలో కొండమీది కనకదుర్గ గుడితలుపులు మూసి యుంచిరని ఆ ఉద్యమచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. క్రింద సభలో పేరు మాఱుచుండెను; పైన తలుపు బిగించుచుండిరి. 1922లో మద్రాసుప్రభుత్వము తన కాగితములలో పంచమశబ్దమునకు మాఱుగా ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర పదముల నంగీకరించెను. 1931 జనసంఖ్యలెక్కలలో లక్షలకొలది జనులు ఆదిఆంధ్రులమని వ్రాయించుకొనిరి.

అటుపిమ్మట గాంధీమహాత్ముడు ‘హరిజన’ పదమును వ్యాపింపజేసెను. సదుద్దేశముతో నిచ్చిన పేరనుటకు సందియము లేదు. పదము మధురమైనది, పవిత్రమైనది. ఐనను 1938లో బొంబాయి శాసనసభయందు ఆ పేరు చట్టములో చేరబోగా డాక్టరు అంబేద్కరును ఆయన పక్షమువారును సభ విడిచి వెడలిపోయిరి. 1982లో కేంద్రప్రభుత్వము కులపత్రములలో ఆ పేరు వ్రాయవలదని రాష్ట్రములకు తెలిపెను. 2017లో సుప్రీముకోర్టు ఆ మాట నేడు అవమానార్థమున వాడబడుచున్నదని చెప్పెను. ‘దేవానాంప్రియ’ పట్టిన త్రోవనే ఈ ‘దేవునిజనము’ కూడ పట్టినది.

దానికి ప్రతిగా ‘దళిత’ పదమును చూడుడు. ధాత్వర్థమును బట్టి చీల్చబడినవాడు, నలుగగొట్టబడినవాడు. ఇందులో మాధుర్యమేమియు లేదు. నిఘంటువు విప్పి చూచినచో పంచమ, హరిజన పదములకంటెను కఠోరముగా నున్నది. అట్టి మాటను 1985లో కారంచేడు హత్యల పిమ్మట చీరాలలో సంఘము కట్టినవారు తమ సంఘమునకు తామే పెట్టుకొనిరి. 1991 ఆగస్టు 6వ తేదీన మా పొరుగుననున్న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్య చేయబడిరి. ఆ యూరిలోనే కూర్చుండిన ప్రత్యేకన్యాయస్థానము 2007లో శిక్షలు విధించెను. 2014లో హైకోర్టు వానిని కొట్టివేసెను. బెజవాడసభనుండి చుండూరునకు డెబ్బదినాలుగేండ్లు. ఆ నడుమ ప్రభుత్వపు కాగితములలో పేరు మూడుమాఱులు మాఱెను. పదములవలన నేమగునని పరిహసించువారు ఈ లెక్కను చూపి తమ వాదము గెలిచినదని చెప్పవచ్చును. మేమట్లు తలంపము. భాగ్యరెడ్డివర్మగారు పేరు మార్చినది ఎదుటివాని చూపు మెత్తబడుటకని యనుకొన్నప్పుడే ఆ లెక్క సరిపోవును. ఎవరో ఇచ్చిన పేరుతో పిలిచిన సభలో ఆ పేరును త్రోసి, మాకు మేము పేరు పెట్టుకొందుమని నిలుచుటయే ఆ దినపు కార్యము. తలుపు మూసినవారు కూడ దానినే చూచి భయపడిరి. ‘హరిజన’ను కాదని ‘దళిత’ను గ్రహించినవారు తీపిని కాదని తమదైన దానిని గ్రహించిరి. అందుచేతనే 2018లో కేంద్రప్రసారశాఖవారు దళితపదమును మాని షెడ్యూల్డు కులములవారని మాత్రమే చెప్పుడని టెలివిజనువారికి సూచించినప్పుడు పలువురు దళితులు ఆక్షేపించిరి. సూచన మర్యాదగానే యున్నది, అడుగవలసినవారి నడుగలేదు.

మనుష్యుల పేళ్లకును యంత్రముల పేళ్లకును గల భేదమిచ్చట తేటపడుచున్నది. మూడవ వాదమువారు ఈ భేదమును చూడలేదు. మనుష్యుని చూపు పదము చెడుట ఆ మనుష్యునిపట్ల లోకమునకు గల ద్వేషమువలన. యంత్రమును ద్వేషించువాడు లేడు. ‘రెప్లికా’ యను పేరు నూఱేండ్లు వాడినను తిట్టుగా మాఱదు. దాని వెనుక ఊరివెలుపల నిలువబెట్టబడిన వాడెవడును లేడు. యంత్రమునుండి బానిసపదమును తీసివేయుట ఒక్కమాఱు చేసినచో తీఱిపోవు పని. చౌకయైన పని. అది సరిగా చౌకయైనది గనుకనే చేయకుండుటకు సాకు లేదు, చేసినందులకు మేళతాళములును అక్కఱలేదు.

ఇట్లన్నంతమాత్రమున చెవికి కటువుగా తోచిన ప్రతి మాటను వెదకి తీయవలెనని మా యభిప్రాయము కాదు. యూనిక్సులో తల్లిప్రక్రియ చనిపోయినచో మిగిలిన పిల్లప్రక్రియను ‘ఆర్ఫన్’ అందురు, అనగా అనాథ. వ్యవస్థలోని మొదటి ప్రక్రియ దానిని దత్తత చేసికొనును. ఇందులో ఉపమానము పొసగుచున్నది. ఏ యనాథయు నొచ్చుకొనినట్లు మేము వినలేదు. నొచ్చుకొన్నవారు వచ్చి చెప్పినప్పుడు విందము. వారు రాకమున్నే వారి తరఫున వకాల్తా పుచ్చుకొని కన్నీరు కార్చుట మాకు నాటకముగా తోచును.

నొచ్చుకొనువారెవరు, ఎచ్చట నొచ్చుకొందురు అను ప్రశ్నకు ‘కూలి’ యను మాటకంటె మంచి యుదాహరణము లేదు. తెలుగున కూలి యనగా చేసిన పనికి వచ్చు ప్రతిఫలము. ‘కూలికి పోయితిని’ అని చెప్పువాడు తల యెత్తుకొనియే చెప్పును. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి ఒప్పందపు పనివారిని నేటాలులోని డర్బనునకు చేర్చెను. ఆ తరువాతి ఓడలలో తెలుగువారు వేలకొలది పోయిరి. అచ్చటి తెల్లవారి నోట కూలి యనునది పనివాని పేరుగాను, పిమ్మట భారతీయుడైన ప్రతివాని పేరుగాను, పిమ్మట తిట్టుగాను మాఱెను. బారిస్టరు గాంధీయు వారికి ‘కూలీ బారిస్టరే’. ఇంగ్లీషువారి మాట మన కూలినుండి వచ్చినదో, గుజరాతు కోలీల పేరునుండి వచ్చినదో పండితులు ఏకాభిప్రాయులు కారు. దుగ్గిరాల పసుపుచేలలో నిరపరాధమైన మాట డర్బను వీథిలో గాయమయ్యెనన్నది స్పష్టము. కావున ‘మా యూరిలో ఈ మాటకు చెడ్డయర్థము లేదు’ అని హైదరాబాదునుండి చెప్పు సాఫ్టువేరు పనివాని జవాబు చాలదు. అతడు వ్రాసినది అట్లాంటానగరమున చదువబడును.

అదే న్యాయమున అట్లాంటావారును మన మాట వినవలసియున్నది. ‘పరయా’ అను మాటను ఇంగ్లీషుపత్రికలు వెలివేయబడిన దేశమునకో, వెలివేయబడిన నాయకునికో దినమునకొకమాఱు తగిలించుచున్నవి. అది దక్షిణదేశపు ఒక కులము పేరు. తప్పెట మ్రోగించువారని ఆ పేరునకర్థము చెప్పుదురు. ఒక జనమును వెలిలో నుంచినది మనము. ఆ జనము పేరునే వెలికి పర్యాయపదముగా చేసికొన్నవారు ఇంగ్లీషువారు. 2020లో లినక్సువారు వ్రాసిన నియమములో రెండే జంటలున్నవి. ఈ మాట లేదు. వారి తప్పని మేమనము. వారి సాఫ్టువేరులో ఆ మాట వాడుకలో లేదు గాబోలు. కాని అమెరికాసంస్థలలో కూర్చున్న వేలకొలది దక్షిణాదివారు, వారిలో మా తెలుగుబిడ్డలు, ఆ మాటను చూచి యేమియు ననకుండుటకు కారణము వేఱు. ఆ మాట తమది కాదు. మాలపల్లెనుండి పోయినవాడు అనవలెనన్న ముందుగా తానెవరో చెప్పవలెను.

చెప్పినచో నేమగును? 2020 జూన్ 30వ తేదీన, అనగా లినక్సువారి నియమమునకు కొలది దినములకు ముందు, కాలిఫోర్నియా రాష్ట్రపు పౌరహక్కుల శాఖ సిస్కో సంస్థపై వ్యాజ్యము వేసెను. దళితకుటుంబమునకు చెందిన యొక భారతీయ ఇంజనీరునకు పై యధికారులగు భారతీయులిద్దఱు కులమునుబట్టి అన్యాయము చేసిరని ఆరోపణ. సంస్థవారు ఆరోపణల నంగీకరింపలేదు. ఆ యిద్దఱు అధికారులపై వ్యాజ్యమును 2023 ఏప్రిలులో ఆ శాఖయే విరమించుకొనెను. కావున ఆ యింజనీరు విషయమున నిజమేదో నిర్ణయించుటకు మేము పూనుకొనము. ఆ వ్యాజ్యమువలన బయలుపడినది వేఱొకటి: అమెరికాసంస్థలలో కులమను మాటను పలుకుటకే తగిన చోటు లేకుండెను. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించుచు శాసనము చేసెను. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన యట్టి బిల్లును ఆ యేటి అక్టోబరులో గవర్నరు త్రోసిపుచ్చెను. ఉన్న చట్టములే చాలునని ఆయన కారణము. ఆ బిల్లును ఎదిరించినవారిలో మనదేశమువారే ముందుండిరి.

పదములు మార్చి సంబరపడు పక్షమువారిపై మాకు గల ఆక్షేపణ ఇదియే. యంత్రములలోని బానిసను విడిపించిన ఇంజనీరు, ప్రక్కకుర్చీలోని తోడిపనివాడు ఇంటిపేరేమి, యేయూరు, ఆ యూరిలో ఎటువైపు ఇల్లు, మాంసము తినునా అని మెల్లమెల్లగా కూపీ లాగుచుండవచ్చును. ఈ ప్రశ్నలు మాకు తెలియనివి కావు. మా యూరి రైలుపెట్టెలో క్రొత్తవానిని కలిసిన పది నిమిషములలో వినబడునవే. ఇంగ్లీషుపదముల పట్టికలు వీనిని పట్టుకొనలేవు. ఇందులో నింద్యమైన పద మొక్కటియు లేదు. ఒక్కొక్క ప్రశ్నయు మర్యాదగానే యున్నది.

ఇంతవఱకు ఇంగ్లీషుమాటల సంగతి. తెలుగుమాటల సంగతి ఇటీవల మాకు తటస్థించినది. హైదరాబాదున పనిచేయు మా పూర్వశిష్యుడొకడు పల్లెటూరి బడులకై కంప్యూటరువిద్యపై తెలుగున చిన్నపుస్తకము వ్రాయ సంకల్పించి, ఈ జంటకు తెలుగుమాటలు చెప్పుడని యడిగెను. “మాస్టారూ, స్వామి–దాసు అని పెట్టినచో బాగుండునుగదా, భక్తిగా కూడ నుండును” అని తానే యొకటి సూచించెను. వద్దంటిమి. రామదాసు దాస్యమును తానై కోరుకొన్నాడు, అమ్ముడుపోయినవాడు కోరుకొనలేదు. ఇంగ్లీషున నున్న కాఠిన్యమును సంస్కృతపు తేనెలో ముంచి పిల్లలకు మ్రింగించుట అంతకంటె పెద్ద దోషము. సంస్కృతమున సైతము ‘దాసీపుత్ర’ యనునది తిట్టు. తిట్టుగా వాడినప్పుడు ఆ సమాసరూప మెట్లుండవచ్చునో చెప్పుటకు పాణిని ప్రత్యేకముగా సూత్రమునే చేసినాడు. దాసపదము తియ్యనిదని చెప్పువారు భజనమందిరమునుండి మాత్రమే మాటలాడుచున్నారు.

మఱి యేమి పెట్టవలెను? మన పల్లెలో ఈ సంబంధములన్నియు నున్నవి, వానికి పేర్లును ఉన్నవి. ఒక్కదానియందును బానిస లేడు. రిజిస్ట్రారు కచ్చేరిలో ‘అసలు, నకలు’ అందురు. డేటాబేసునకు ఇంతకంటె అమరిన మాటలు ఏ భాషలోను మేము చూడలేదు. అసలు పోయినచో నకలే ఆధారమగునని ప్రతి రైతునకును తెలియును. కృష్ణా పశ్చిమకాలువ మా యూరిమీదుగా పోవుచున్నది. పై లాకునుండి వచ్చిన కబురును బట్టి క్రింది లాకువద్ద తలుపు లెత్తుదురు, దింపుదురు. దానిని ‘దిగువలాకు’ అందురుగాని ‘బానిసలాకు’ అన్నవాడు పుట్టలేదు. ఆజ్ఞ పంపు పరికరమునకును అందుకొను పరికరమునకును ఎగువ, దిగువ యను మాటలు చాలును. ఒకదానినుండి పుట్టిన ప్రక్రియలకు పసుపుదుంప యున్నది: తల్లిదుంప, పిల్లకొమ్ములు. శిష్యుడు నవ్వి, “పసుపు అమ్మనివారికి తెలియునా?” యని యడిగెను. తెలియకపోయినచో తెలిసికొందురు, మనము టార్గెట్టును తెలిసికొనలేదా?

మాస్టరు–స్లేవు జంటను పుస్తకమునుండి పూర్తిగా తీసివేయవలదని మాత్రము అతనితో చెప్పితిమి. పాతయంత్రములపైనను పాతగ్రంథములలోను ఆ మాటలు ఇంకను చిరకాలముండును. పిల్లవాడు చూచి తెల్లబోకూడదు. పుస్తకము చివర నొక పంక్తిలో వానిని ఇంగ్లీషుమాటలుగానే వ్రాసి, ఈ పుస్తకములో అసలు, నకలు అన్నవానినే పూర్వము ఇట్లనెడివారని చెప్పి, ఆ క్రిందనే కేప్‌టౌను గడియారముల కథయు 1834, 1904 అను రెండు సంవత్సరములును చేర్పుమంటిమి. పుస్తకము రాతలో నున్నది. మాటలపట్టికను అచ్చునకు ముందుగా మా బడిలోని తొమ్మిదవ తరగతివారిచేత చదివింతుము; వారు అడుగు ప్రశ్నలనుబట్టి ఇంకను మార్పు లుండవచ్చును.